ఊదగడ్డికి లైన్ క్లియర్

1972, ఆగస్టు నెల, ఆదివారం. రాయపూర్, రైల్వే క్వార్టర్స్.

ఉన్నవారు: తాతయ్య, అమ్మ, పక్కింటి అక్క, నేను. పంజరంలో రెండు పిట్టలు. నాన్న డ్యూటీ మీద వెళ్లారు.

ముందు తేదీ, దాని కింద ఉన్నవారు, ఆ తర్వాతే సంగతి. డైరీ ఇలా రాయడం నాకు ఎప్పటినుంచో అలవాటు. ఈ ఆదివారం నాటికి నా దగ్గర ఇంకా డైరీ లేదు. అయినా ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి అలాగే మొదలుపెట్టాను. లేకపోతే చెయ్యి ముందుకు సాగదు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుదురుగా కూర్చునే మనిషి తాతయ్య ఒక్కరే. నాన్న గూడ్సు గార్డు. ఇంట్లో ఉన్న కాస్సేపూ చొక్కా గుండీలు పెట్టుకుంటూనో, విప్పుకుంటూనో ఉండేవారు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద వాలబోయే ముందు కూడా ఇల్లంతా ఒకసారి తుడిచేది. ఇంటి వెనక యార్డు. అక్కడ ఎప్పుడు చూసినా ఏదో ఒక ఇంజను వ్యాగన్లను ముందుకు నెడుతూ, వెనక్కి లాగుతూ ఉండేది. అవి ఒకదానికొకటి తగిలినప్పుడల్లా మా వంటింటి గూట్లో గ్లాసులు చిన్నగా వణికేవి. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల కుదురుగా ఎలా ఉంటుంది? బళ్లో నన్ను బెంచీ చివర కూర్చోబెట్టేవారు, కాలు ఊపితే పక్కపిల్లకి తగలకుండా.

మా పక్క క్వార్టరులో ఒక అక్క ఉండేది. వాళ్లూ మాలాగే గోదావరి జిల్లాల నుంచి రైల్వే ఉద్యోగం పట్టుకుని ఇంత దూరం వచ్చినవాళ్లు. మేమూ వాళ్లూ ఒకే చర్చికి వెళ్లేవాళ్లం. వాళ్ల వరండాలో, దూలానికి కట్టిన కొక్కేనికి, ఒక పంజరం వేలాడుతుండేది. అందులో ఒక ఆకుపచ్చ పిట్ట, ఒక నీలం పిట్ట. మేము లవ్ బర్డ్స్ అనేవాళ్లం. వాటి అసలు పేరు బడ్జీలని నాకు ఉద్యోగంలో చేరాక గాని తెలియలేదు. రోజూ వాటి తిండి కొర్రలు. ఆదివారం మాత్రం అక్క చర్చి నుంచి వచ్చి, మంచి చీర మార్చుకోకుండానే క్వార్టర్ల వెనక మైదానంలోకి వెళ్లి, పాలకంకులు వేసిన ఊదగడ్డి గుప్పెడు కోసుకొచ్చేది. "మనకి ఆదివారం కోడికూర ఎలాగో, వీటికిది అలాగ" అనేది.

ఆ గడ్డి చూడగానే వాటికి ఒళ్లు తెలిసేది కాదు. ఊచల మీద తలకిందులుగా పాకుతూ వచ్చేవి. ఒక కాలితో కాడను పట్టుకుని, కంకిని ముక్కులో పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి లాగేవి. పచ్చి పొట్టు కింద సన్నగా రాలేది. అక్క మాట్లాడకుండా, నవ్వకుండా, కాడల రెండో చివర పట్టుకుని నిలబడేది. నేను ఆవిడ పక్కనే ఉండి, ఒకసారి నన్ను పట్టుకోనివ్వమని వారం వారం అడిగేదాన్ని. ఒకసారి ఇచ్చింది. నేను పట్టుకోగానే రెండూ వెనక ఊచలకు వెళ్లి అతుక్కున్నాయి. అక్క నా చేతిలోంచి గడ్డి తిరిగి తీసుకుంది.

ఆ ఏడు అక్కకి విశాఖపట్నంలో నర్సు ట్రైనింగుకి సీటు వచ్చింది. సోమవారం పొద్దున్న బండి. వాళ్లమ్మకి ఉబ్బసం, పిట్టల పొట్టు పడదు. పండరీ బజారు వైపు ఉండే ఒక బట్టల సేఠ్ వాటిని పెంచుకుంటానని అడిగాడట. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. అక్క వెనకే తిరిగాను. బట్టలు ఆరేస్తుంటే క్లిప్పులు అందిస్తూ అడిగాను, ట్రంకుపెట్టె సర్దుతుంటే దాని మీద కూర్చుని అడిగాను.

"సేఠ్‌జీ ఇంట్లో పెద్ద పంజరం ఉందే. చూసుకోడానికి నౌకరు ఉన్నాడు. నీ దగ్గర ఏముంది, కాలు ఊపుకోడం తప్ప?" అంది అక్క.

"ఊపను" అన్నాను.

"ఇప్పుడు ఊపుతున్నావు."

చూసుకుంటే నిజమే. పెట్టె మీద నుంచి కాలు ఊగుతూనే ఉంది. అక్క నవ్వేసింది. ఆఖరికి ఆదివారం పొద్దున్నే పంజరం తెచ్చి మా వరండాలో తగిలించి షరతు చెప్పింది. "అరే, ఏడవకు. రేపు నా రిక్షా వచ్చేలోపు ఇవి మీ ఇంట్లో ఏదైనా తింటే నీవి. లేదంటే నాతోపాటే రిక్షా ఎక్కుతాయి, దారిలో సేఠ్ ఇంట్లో దించేస్తాను. చిన్న ప్రాణాలు కదా, రెండో రోజు కూడా తినకపోతే బతకవు. నా మీద కోపం పెట్టుకోకూడదు, పక్కా?"

పక్కా అన్నాను. తినకుండా ఎందుకుంటాయి, గిన్నె నిండా కొర్రలు ఉంటే, అనుకున్నాను.

చర్చిలో ఆ రోజు నేను ఏ వాక్యం విన్నానో నాకు తెలియదు. అందరూ మోకరిస్తే నేను నిలబడ్డాను, అందరూ లేస్తే నేను మోకరించి ఉన్నాను. ఇంటికి వస్తూనే అమ్మ చెయ్యి విడిపించుకుని పరుగెత్తి చూస్తే, గిన్నెలో కొర్రలు పొద్దున్న అక్క వేలితో చదును చేసినట్టే ఉన్నాయి. పిట్టలు రెండూ గోడ వైపు మూలకి ఒదిగి, ఈకలు ఉబ్బించుకుని, ఒకటే ఉండలా కూర్చున్నాయి. నేను దగ్గరకి వెళ్లగానే ఆ ఉండ విడిపోయి పంజరమంతా కొట్టుకుంది. నేను లోపలికి వెళ్లాను. తిన్నాయేమోనని మళ్లీ వచ్చాను. మళ్లీ కొట్టుకున్నాయి. తలుపు సందులోంచి చూశాను, కిటికీ ఎక్కి చూశాను. అన్నం కలుపుకున్న పళ్లెం అలాగే వదిలేసి, ఎంగిలి చేత్తో వచ్చి చూశాను.

"వాటిని చూడకుండా ఉంటే తింటాయేమోనే" అంది అమ్మ.

"చూడకపోతే తిన్నాయని ఎలా తెలుస్తుంది?"

తాతయ్య పడక కుర్చీలోంచి మా ఇద్దరినీ చూశారు. తన వంతు సాయంగా పంజరం దగ్గరకి వచ్చి, గొంతు సవరించుకుని, చర్చిలో పాడే కీర్తన ఒకటి మెల్లగా అందుకున్నారు. పిట్టలు ఉన్న మూలలోనే ఇంకాస్త లోపలికి జరిగాయి. "మావయ్యగారూ, మీ పాటకి మాకే అలవాటు పడ్డానికి ఏళ్లు పట్టిందండి" అంది అమ్మ లోపలి నుంచి. తాతయ్య ఏమాత్రం నొచ్చుకోకుండా చరణం పూర్తి చేసి వెళ్లి కూర్చున్నారు.

అప్పుడు నాకు గడ్డి గుర్తొచ్చింది. ఆ రోజు ఆదివారం కదా. కొడవలి కనబడలేదు, కూరగాయల కత్తి పట్టుకుని పరుగెత్తాను. మైదానం దాకా వెళ్లే ఓపిక లేదు. యార్డు కంచె పక్కనే ఊదగడ్డి ఏపుగా ఉంది. అక్కడ ఆవులకి పచ్చిగడ్డి మోపులు అమ్మే ఆమె కూర్చుని మోపు కట్టుకుంటోంది. ఊరి బయట మోవా వైపు పొలం గట్ల మీద కోసి తెచ్చేది. నన్ను చూసి, "ఏ నోనీ, చిరయి బర్ కాందీ లూవత్ హస్ కా?" అంది, పిట్ట కోసం గడ్డి కోస్తున్నావా అని. నేను ఔనని తల ఊపాను. ఆమె నా చేతిలో కత్తి చూసి పగలబడి నవ్వింది. నేను నవ్వడానికి ఆగలేదు.

ఇంటి మెట్టు దగ్గర అమ్మ ఆపేసింది. మా అమ్మ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆసుపత్రిలో ఆమె చూసిన రోగాలన్నీ మా ఇంటి గుమ్మం బయట వరసగా నిలబడి ఉన్నాయని ఆమె నమ్మకం. వంటింట్లో ఒక గాజుసీసాలో నల్లగా మెరిసే మందుపలుకులు ఉండేవి, పొటాషియం పర్మాంగనేటు. చిటికెడు నీళ్లలో వేస్తే గులాబీ రంగు తిరిగేవి. కొత్తిమీర, ద్రాక్షపళ్లు, ఆఖరికి కరివేపాకు కూడా ఆ నీళ్లలో మునగనిదే మా ఇంట్లో నోటి దాకా వచ్చేది కాదు. చుట్టాల పిల్లలు జామకాయ పట్టుకుని వస్తే చేతిలోంచి లాక్కుని మరీ ముంచేది.

"బొగ్గు మసి, కుక్కల మూత్రం. ఇవి ఆ చిన్న ప్రాణాలకి పెడతావా? ఇలా తే" అంది.

"అమ్మా, జల్దీ! ఆకలితో ఉన్నాయి."

"ఆకలితో ఉన్నవాళ్లకే రోగాలు ముందు పట్టుకుంటాయి."

నేను ఒంటికాలి మీద గెంతుతూ నిలబడ్డాను. గడ్డి చాలాసేపు నానింది. బయటికి తీసేసరికి కంకులు వాలిపోయి, గోధుమరంగు మరకలు పడి, ఆసుపత్రి వరండా వాసన వేశాయి. అప్పటికి నాలో ఓపిక అనేది లేదు. పంజరం తలుపు ఎత్తి, మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి, వాటి ముక్కుల దగ్గరకే గడ్డి తోశాను.

తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. రెక్కల చప్పుడు, నీళ్ల గిన్నె తిరగబడటం, కొర్రలు నా కళ్లల్లో పడటం. చెయ్యి బయటికి తీసేసరికి నీలం పిట్ట ఈక ఒకటి నా వేళ్లకి అంటుకుని ఉంది. పిట్టలు నోళ్లు తెరుచుకుని రొప్పుతున్నాయి. నేను ఆ ఈకని చూసి, అది చచ్చిపోతుందనుకుని, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

తాతయ్య లేచి వచ్చారు. నన్ను ఓదార్చలేదు. ముందు పంజరం తలుపు దించారు. తర్వాత వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చి పంజరం కింద వేసి, నన్ను దాని మీద కూర్చోమన్నారు.

మా తాతయ్య ఈ లైన్లోనే చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ పని గురించి ఇంట్లో ఎప్పుడూ చెప్పేవారు కాదు. ఆ రోజు చెప్పారు.

"ఒక స్టేషన్‌లో బండి సిద్ధంగా ఉంది. గార్డు సిద్ధం, డ్రైవరు సిద్ధం. వదిలెయ్యొచ్చా?" అని అడిగారు.

"వదిలెయ్యొచ్చు."

"వీల్లేదు. ముందు తీగ మీద అవతలి స్టేషన్‌కి గంట కొట్టాలి, నా బండిని తీసుకుంటావా అని. అవతలివాడు తీసుకుంటానని జవాబు ఇవ్వాలి. దాన్ని లైన్ క్లియర్ అంటారు. అది రాకుండా బండి కదిలితే నేను స్టేషన్ మాస్టర్ని కాను."

"జవాబు రాకపోతే?"

"బండి నిలబడుతుంది."

"ఎంతసేపు?"

"వచ్చేదాకా."

నాకు ఆ సమాధానం ఏమాత్రం నచ్చలేదు. అది తెలిసినట్టు ఆయన ఒక కథ చెప్పారు. వానాకాలం, అడవిలో ఉన్న ఒక స్టేషన్. ప్యాసింజరు వచ్చి ఆగింది. ఈయన గంట కొట్టారు. అవతలి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ కొట్టారు. డ్రైవరు దిగి వచ్చి కేకలేశాడు. బండిలో ఒక పెళ్లివారి బృందం ఉంది. పెళ్లికొడుకు తండ్రి తలపాగా చేత్తో పట్టుకుని ముందు బతిమాలాడు, తర్వాత తిట్టాడు, తర్వాత తాతయ్య కులగోత్రాలన్నీ ఎత్తాడు. ఆడవాళ్లు దిగి పట్టాల పక్కనే పొయ్యి రాజేసి బియ్యం ఎసట్లో పోశారు. అన్నం ఉడికింది, తిన్నారు, తాతయ్యకీ ఒక ఆకులో పెట్టారు. బండి కదల్లేదు.

నేను పీట చివరికి జరిగి, "లైన్ మీద ఏముంది తాతయ్యా? ఇంకో బండా? ఏనుగా?" అని అడిగాను.

"ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"గాలికి కొమ్మ పడి ఎక్కడో తీగ తెగింది, అంతే. లైన్ ఖాళీ. ఆ పెళ్లికొడుకు తండ్రి అన్నట్టు వదిలేసినా ఏమీ అయ్యుండేది కాదు."

"అయితే ఊరికే ఆపావా?"

"ఖాళీ అని నాకు తెలియదు కదమ్మలూ" అన్నారు. "అవతల ఏముందో నాకు తెలియదు. తెలిసినవాడు అవతల ఉన్నాడు. వాడు చెప్పేదాకా నేను ఆగాలి. అంతకంటే నా పనేం లేదు."

ఆ తర్వాత ఆయన కింద పడిన గడ్డిలోంచి కాస్త బాగున్న కాడ ఒకటి ఏరి, ధోవతి అంచుకి తుడిచి నా చేతికిచ్చారు. కంకి మాత్రమే లోపలికి వెళ్లేలా ఊచల మధ్య పెట్టించారు. నేను ఇవతలి స్టేషన్. పిట్ట అవతలి స్టేషన్. గోరుతో పీట మీద ఒక్కసారి కొట్టమన్నారు. కొట్టాను. ఇక ఊరుకోమన్నారు.

ఆ సాయంత్రమంతా నేను ఊరుకోవడానికి పోరాడాను. ఊరుకోవడం ఎంత కష్టమో అంతకుముందు నాకు తెలియదు. మెడ మీద దురద పుట్టింది, ముక్కు దురద పుట్టింది. కాలు దానంతట అదే ఊగడం మొదలుపెడితే రెండో కాలితో తొక్కిపట్టాను. వీధిలో పిల్లలు వెదురు కర్రలెక్కి నడుస్తూ నన్ను పిలిచారు. ఒకసారి మాత్రం ఆకుపచ్చ పిట్ట ఉబ్బించిన ఈకలు దించి, తల వంచి, ఒక కన్నుతో కంకిని చూసింది. ఒక అడుగు పక్కకి వేసింది. సరిగ్గా అప్పుడే యార్డులో ఇంజను కూత వేసింది. ఉలిక్కిపడింది పిట్ట కాదు, నేను. కాడ ఊచలకి తగిలి గలగలమంది. అంతే, మళ్లీ మూల, మళ్లీ ఉండ.

"చూశావా, అవి రావు. సేఠ్ దగ్గరకే పోతాయి" అన్నాను తాతయ్యతో, తప్పంతా ఆయనదైనట్టు.

"పోతే పోతాయి. నువ్వు గంట కొట్టావా లేదా అన్నదే నీ లెక్క" అన్నారు.

దీపాలు పెట్టే వేళకి అక్క వచ్చింది. తల దువ్వుకుని, ప్రయాణానికి గోరింటాకు పెట్టుకుని ఉంది. పంజరం వైపు చూసింది, గిన్నె వైపు చూసింది, నా ముఖం చూసింది. తాతయ్య ఆవిడకి మా గంట ఆట సంగతి చెప్పారు. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరగడం నేను చూశాను. అవి నా కోసం కాదని, పిట్టలు లేకుండా తను ఎలా ఉంటుందో అన్న దిగులని ఇప్పుడు అనిపిస్తుంది. "నువ్వు చాలా చేశావులే. పొద్దున్న రిక్షా తీసుకుని వస్తాను" అంది. నా తల మీద మోచేతితో చిన్నగా తట్టింది, గోరింటాకు అంటకుండా.

అమ్మ అప్పటిదాకా గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. అక్క వెళ్లాక వంటింట్లోకి వెళ్లి, మళ్లీ కొత్తగా కలిపి ఉంచిన గులాబీ నీళ్ల గిన్నె పట్టుకుని వచ్చి, మెట్ల పక్క కాలవలో పారబోసింది. మా అమ్మ ఆ నీళ్లు వాడకుండా పారబోయడం నేను మొదటిసారి చూశాను. "పొద్దున్న మైదానం నుంచి కోసుకురా. మసి లేని చోటు చూసి. కడగొద్దు" అంది. ఆ చివరి మాట పలకడానికి ఆమెకి ఎంత కష్టమైందో ఆమె ముఖంలో కనిపించింది. మళ్లీ గుమ్మం దాటుతూ ఆగి, "నీ చేతులు మాత్రం కడుక్కో" అంది.

మర్నాటి పొద్దున్న సంగతి.

రాత్రి సన్నగా వాన పడి వెలిసింది. వెలుగు పూర్తిగా రాకముందే తాతయ్య నన్ను లేపారు. మైదానంలో మోకాళ్ల దాకా గడ్డి, ప్రతి కంకి నిండా నీటి చుక్కలు. మామూలుగా నేను ఆ మైదానంలో నడిచిన గుర్తే లేదు, ఎప్పుడూ పరుగే. ఆ రోజు పరుగెత్తితే నీళ్లు రాలిపోతాయేమోనని, దీపం ఆరకుండా తెచ్చినట్టు, గడ్డిని రెండు చేతులతో పట్టుకుని నడిచి వచ్చాను. గుప్పెడు గడ్డిని తాతయ్య దారంతో ఊచలకి కట్టారు. మిగిలినది తన ఒళ్లో పెట్టుకుని పడక కుర్చీలో కూర్చున్నారు. ఒక కాడ నేను పట్టుకున్నాను.

పీట మీద గోరుతో ఒక్కసారి కొట్టాను. ఊరుకున్నాను.

యార్డులో వ్యాగన్లు తగిలాయి. వంటింట్లో గ్లాసులు వణికాయి. నేను వణకలేదు. దోమ ఒకటి నా చెవి పక్కన పాడి, బుగ్గ మీద వాలి, తాగినంత తాగి వెళ్లిపోయింది. పక్క క్వార్టరు ముందు రిక్షా వచ్చి ఆగింది. ట్రంకుపెట్టె ఎక్కిస్తున్న చప్పుడు, వాళ్లమ్మ ఏడుపు, వాళ్ల నాన్న ప్రార్థన చేస్తున్న గొంతు. అవన్నీ వింటూనే ఉన్నాను. టైము అయిపోతోందని నాకు తెలుసు. ఆ తెలియడం నా ఒంట్లో ఒక్కచోట కాదు, అన్నిచోట్లా కదులుతోంది. చేతిలోకి మాత్రం రానివ్వలేదు.

నేను ఆకుపచ్చదాన్ని చూస్తున్నాను. వచ్చింది నీలంది, నా చేతికి ఈక పోగొట్టుకున్నది. కొయ్య మీద పక్కపక్కకి జరుగుతూ, ఆగుతూ, మళ్లీ జరుగుతూ వచ్చింది. తల వంచి నా వేళ్లని చూసింది. తర్వాత కంకిని ముక్కుతో పట్టుకుని లాగింది. కాడ గుండా ఆ లాగుడు నా వేళ్లలోకి వచ్చింది. అంత చిన్న బలంతో నా జన్మలో నన్ను ఇంకెవరూ లాగలేదు. పాలగింజలు చిట్లుతున్న చప్పుడు వినిపించేంత దగ్గరగా ఉన్నాను. పొట్టు నా మణికట్టు మీద రాలింది. అంతలో ఆకుపచ్చది కట్టిన గడ్డి మీదికి దూకింది. తినలేదు ముందు. ఆ తడి కాడల్లోకి దూరి, రెక్కలు విప్పి, వీపు రుద్దుకుని, పొట్ట రుద్దుకుని స్నానం చేసింది. నీటి తుంపర నా ముఖం మీద పడింది.

మా గేటు తీస్తే కీచుమని అరుస్తుంది. ఆ చప్పుడు కోసం నా చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అక్క పంజరం కోసం వస్తుంది, గేటు అరుస్తుంది, పిట్టలు ఎగురుతాయి. అడుగుల చప్పుడు గేటు దాకా వచ్చింది. ఆగింది. గొళ్లెం మీద గాజులు తగిలిన చిన్న శబ్దం. తర్వాత ఏమీ లేదు.

నేను తల తిప్పలేదు. తిప్పితే తెలుస్తుంది ఆవిడ చూస్తోందో లేదో. తిప్పితే ఎగిరిపోతాయి. వెనక్కి తిరిగి అక్కా అని పిలవాలని, కౌగిలించుకోవాలని, చూడు చూడు అని అరవాలని నాకు ఎంత ఉందో నాకే తెలుసు. చేతిలో కాడ లాగుతూనే ఉంది. నేను అలాగే ఉన్నాను.

కంటి చివర ఒకటి మాత్రం కనిపించింది. తాతయ్య కుర్చీలోంచి మెల్లగా లేచారు. ఒళ్లో మిగిలిన పచ్చగడ్డిని ఒక గుప్పిటగా పట్టుకుని, చెయ్యి బారుగా చాపి, తల పైకి ఎత్తారు. ప్లాట్‌ఫారం మీద నిలబడి పచ్చజెండా చూపించినట్టే. గేటు దగ్గర అడుగులు వెనక్కి మళ్లాయి. కాసేపటికి రిక్షా కదిలింది. వీధి చివర మలుపు తిరిగే ముందు దాని బెల్లు మోగింది, ఒక్కటే ఒక్కసారి. అలా ఒక్కసారి కొట్టి ఊరుకునే రిక్షావాడు రాయపూర్‌లో ఎవరూ లేరు. అక్క కొట్టించిందో, చెయ్యి చాపి తనే కొట్టిందో నాకు తెలియదు. నీలం పిట్ట తల ఎత్తి విని, మళ్లీ కంకి మీదికి వంగింది.

పిట్టలు మా ఇంట్లో ఏళ్ల తరబడి బతికాయి. నేనూ రైల్వే ఆఫీసులోనే పనిచేసి రిటైరయ్యాను. కుదురు అనేది నాకు పుట్టుకతో రాలేదు, ఇప్పటికీ లేదు. ఈ వయసులో కూడా కుర్చీలో కూర్చుంటే కాలు ఊగుతుంది, మా మనవరాలు నవ్వుతుంది. ఆ పిల్ల బళ్లో ఏదో జరిగి వచ్చి తలుపు వేసుకున్నప్పుడు మాత్రం నేను పిలవను, గొళ్లెం లాగను. తలుపు మీద గోరుతో ఒక్కసారి కొట్టి, బయట పీట వేసుకుని కూర్చుంటాను. లోపల ఏముందో నాకు తెలియదు. తెలిసింది ఆ పిల్లకి. కొన్నిసార్లు తలుపు తెరుచుకుంటుంది, కొన్నిసార్లు భోజనాల వేళ దాటిపోతుంది. కాలు ఊగబోతే రెండో కాలితో తొక్కిపట్టుకుంటాను. అప్పుడు నా వేళ్ల చివర ఆ చిన్న లాగుడు, వీపు వెనక ఆ ఒక్క బెల్లు, రెండూ ఉంటాయి.